గాయం కట్టిన గుడ్డ

తపాలా బిళ్ళలు కూడబెట్టేవారిని మనం ఎరుగుదుము. పాత నాణేలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు దాచుకొనే పిల్లలు మన ఊళ్ళలోను ఉన్నారు. ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా దేశాలలో మరొక రకం వస్తువులను వెదకి దాచేవారు కొందరున్నారు. యుద్ధకాలంలో సైన్యపు వైద్యులు, వైద్య సిపాయీలు వాడిన సామాను వారికి కావాలి. కట్టుగుడ్డల పొట్లాలు, రేకు డబ్బాలు, భుజాన తగిలించుకొనే మందుల సంచులు, స్ట్రెచర్లు, ఎర్ర సిలువ గుర్తుగల చేతి పట్టీలు వారి బీరువాలలో కనిపిస్తాయి.

యుద్ధపు వస్తువులంటే తుపాకులు, కత్తులు, పతకాలే జనానికి మొదట గుర్తుకు వస్తాయి. మరి ఈ పాత గుడ్డలు, డబ్బాలు దాచి ఏమి లాభం అని మీరు అడగవచ్చు. తుపాకి ఎలా చంపిందో చెబుతుంది. కట్టుగుడ్డ పొట్లం ఎలా బ్రదికించారో చెబుతుంది. ఒక్కొక్క వస్తువు వెనుక ఒకే ప్రశ్న ఉన్నది: గాయపడి నేలమీద పడినవానిని డాక్టరు దగ్గరకు చేరేవరకు ఎలా నిలబెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారి కష్టం ఈ సామానులో దాగి ఉన్నది. అయితే ఆ వస్తువుతోపాటు దాని సంగతి కూడ దాచాలి. సంగతి పోతే మిగిలేది పాత ఇనుము, చిరిగిన గుడ్డ మాత్రమే.

జేబులోని పొట్లం

ముందుగా అన్నిటికన్న చిన్న వస్తువును చూద్దాము. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) బ్రిటిషు సైన్యంలోని ప్రతి సిపాయి చొక్కా కింది అంచున లోపలివైపు ఒక చిన్న జేబు కుట్టి, అందులో ఒక కట్టుగుడ్డ పొట్లం ఉంచేవారు. ఆ పొట్లంలో ఒకటి కాదు, రెండు కట్లు ఉండేవి. తుపాకి గుండు ఒకవైపు దూరి మరొకవైపు బయటికి వస్తుంది గదా! దూరినచోట ఒకటి, వెలువడినచోట ఒకటి వేసి కట్టాలి. ఈ రెండు కట్లను చూస్తేనే ఆ పొట్లం తయారు చేసినవాడు గాయాన్ని బాగుగా ఎరిగినవాడని తెలుస్తుంది.

దానికి ఒక నియమం కూడ ఉండేది. గాయపడినవానికి కట్టు కట్టేటప్పుడు వాని జేబులోని పొట్లమే వాడాలి. కట్టేవాడు తన పొట్లం తీస్తే, రేపు తాను పడినప్పుడు తనకు ఉండదు. ఇది స్వార్థం కాదు, లెక్క. ప్రతివాని కట్టు వానితోనే ఉంటే ఎవరికీ కొరత రాదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయి నడుము పట్టాకు ఒక చిన్న గుడ్డ సంచి వ్రేలాడేది. అందులో కార్లయిల్ కట్టు అనే రేకు డబ్బా ఉండేది. పెన్సిల్వేనియాలోని కార్లయిల్ సైనిక కేంద్రంలో దానిని రూపొందించారు గనుక ఆ పేరు వచ్చింది. గాలి, తేమ చొరకుండ మూసిన ఆ డబ్బాలు నేటికీ కొన్ని తెరవకుండానే దొరుకుతున్నాయి. కట్టుతోపాటు గాయం మీద చల్లుకొనేందుకు సల్ఫా పొడి పొట్లం కూడ ఇచ్చేవారు. పొడి చల్లినందువల్ల మేలు లేదని అనుభవం మీద తెలుసుకొని, యుద్ధం ముగిసే నాటికి ఆ అలవాటు మానుకొన్నారు. కనుక సల్ఫా పొడి పొట్లం ఉన్న సంచి, లేని సంచి రెండూ పక్క పక్కన పెట్టి చూస్తే, వైద్యులు తమ పద్ధతిని తామే దిద్దుకొన్న సంగతి మన కళ్ళ ఎదుట ఉంటుంది.

వైద్య సిపాయి సంచిలో మరొక చిన్న వస్తువు ఉండేది. దానిని సిరెట్ అనేవారు. చూడటానికి చిన్న పళ్ళపేస్టు గొట్టంలాగ ఉండి, కొనకు సూది ఉంటుంది. లోపల నొప్పి తెలియకుండ చేసే మార్ఫిన్ మందు. సూది గుచ్చి గొట్టం పిండితే చాలు. వాడిన తరువాత ఆ ఖాళీ గొట్టాన్ని పారవేయక, గాయపడినవాని కాలరుకు గుచ్చి పంపేవారు. తరువాత చూసినవారు అది చూసి, ఇతనికి ఒకసారి మందు పడింది, మరల ఇవ్వరాదు అని తెలుసుకొనేవారు. చలికి చల్లబడి, రక్తం పోయిన మనిషి ఒంటిలో ఆ మందు వెంటనే పాకదు. పనిచేయలేదని మరల మరల గుచ్చితే, ఆసుపత్రిలో ఒళ్ళు వెచ్చబడిన తరువాత అంతా ఒక్కసారిగా పాకి ప్రాణం మీదికి వచ్చేది. ఖాళీ గొట్టం ఒక చీటీవలె ఆ ప్రమాదం తప్పించింది.

ఎముకలు కట్టే ఇంటి నుండి

చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు మీకందరికీ తెలుసు. వెనుకటి కాలంలో వేల్సు దేశంలోను అటువంటి కుటుంబాలు ఉండేవి. అలాటి ఎముకలు కట్టే ఇంటిలో పుట్టి, డాక్టరు చదువు చదివి, లివర్‌పూల్ పట్టణంలో పేదలకు వైద్యం చేసినవాడు హ్యూ ఓవెన్ థామస్. ఆయన కాలి కోసం ఒక ఇనుప చట్రం చేశాడు. తొడ మొదట్లో తోలు చుట్టిన వలయం, దానినుండి పాదం దాటేవరకు రెండు కమ్మీలు. కాలును దానిలో పెట్టి కొంచెం లాగి కట్టితే విరిగిన ఎముక కదలదు. ఆయన 1891లో మరణించాడు. బ్రదికినన్నాళ్ళు దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభంలో తొడ ఎముక విరిగిన సిపాయీలలో నూటికి ఎనభైమంది చనిపోయేవారని అప్పటి వైద్యులు వ్రాశారు. మోసుకొని వచ్చేటప్పుడు ప్రతి కుదుపుకు విరిగిన ఎముక మొనలు లోపలి కండను, రక్తనాళాలను కోసేవి. థామస్ మేనల్లుడైన రాబర్టు జోన్సు సైన్యంలో పెద్ద వైద్యుడై, మామ చేసిన చట్రాన్ని యుద్ధభూమికి తెచ్చాడు. స్ట్రెచర్ మోసేవారికి దానిని చీకటిలో సైతం కట్టేటట్లు కళ్ళకు గంతలు కట్టి తర్ఫీదు ఇచ్చారు. ఆ మరణాలు నూటికి ఇరవై వరకు దిగినట్లు లెక్కలు చూపారు. ఈ థామస్ స్ప్లింట్ నేటికీ మన పెద్దాసుపత్రుల ఎముకల వార్డులలో కనిపిస్తుంది. మీ బంధువు ఎవరైనా తొడ విరిగి మంచం మీద ఉంటే, ఆ కమ్మీలను ఈసారి జాగ్రత్తగా చూడండి.

రెండు డబ్బాలు, ఒక ప్రశ్న

కూడబెట్టేవారు ఎక్కువగా కోరే వస్తువులలో ప్లాస్మా పెట్టె ఒకటి. రక్తంలోని కణాలు తీసివేస్తే మిగిలే పసుపురంగు ద్రవమే ప్లాస్మా. దానిని ఎండబెట్టి పొడిగా చేసి ఒక సీసాలో, శుద్ధజలం మరొక సీసాలో ఉంచి, రబ్బరు గొట్టం, సూదితో సహా రేకు డబ్బాలలో మూసి పంపేవారు. రెండూ కలిపితే కొద్ది నిమిషాలలో ఎక్కించడానికి సిద్ధం. చల్లదనపు పెట్టె అక్కరలేదు, రక్తపు గ్రూపు చూడనక్కరలేదు. 1941 నుండి 1945 వరకు అమెరికా రెడ్‌క్రాస్ వారు సామాన్య ప్రజల నుండి ఒక కోటి ముప్పై లక్షలకు పైగా యూనిట్ల రక్తం సేకరించారు.

ఈ పనికి దారి చూపినవారిలో ముఖ్యుడు చార్లెస్ డ్రూ అనే నల్లజాతి శస్త్రవైద్యుడు. 1940లో ఇంగ్లండుకు ప్లాస్మా పంపే ఏర్పాటును ఆయనే నడిపించాడు. అయితే 1941లో రక్తసేకరణ ఆరంభించినప్పుడు నల్లజాతివారి రక్తం పుచ్చుకోమన్నారు. 1942 నుండి పుచ్చుకొన్నారు గాని, సీసాల మీద గుర్తు వేసి వేరుగా ఉంచారు. రక్తానికి జాతి భేదం ఉన్నదనడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదని డ్రూ బహిరంగంగా చెప్పాడు. ఆ వేర్పాటును రెడ్‌క్రాస్ మానుకొనేసరికి 1950 వచ్చింది. కనుక ఈ రేకు డబ్బాలో ప్రాణం నిలిపిన మేలు ఉన్నది, మనుష్యులను విడదీసిన కీడు కూడ ఉన్నది. రెండూ చెప్పినప్పుడే ఆ వస్తువును నిజంగా దాచినట్లు. గ్లాసులు వేరు, బావులు వేరు అని చూసిన ఊళ్ళలో పుట్టిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఎర్ర సిలువ ఎవరిది?

ఈ సామానులో చాలవాటిమీద తెల్లని గుండ్రం నడుమ ఎర్ర సిలువ ఉంటుంది. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరీనో దగ్గర గొప్ప యుద్ధం జరిగింది. జెనీవా పట్టణపు వర్తకుడు హెన్రీ డ్యునాంట్ పనిమీద ఆ దారిని వచ్చి, వేలకొలది క్షతగాత్రులు దిక్కులేక పడి ఉండటం చూశాడు. దగ్గరి ఊరైన కాస్టిలియోనేలో గుడిని, ఇళ్ళను ఆసుపత్రులుగా మార్చి, ఊరి స్త్రీలతో కలిసి ఏ దేశపువాడని అడగక అందరికీ కట్లు కట్టాడు. యౌవనుల క్రైస్తవ సంఘమైన వై.ఎం.సి.ఏ.ను జెనీవాలో స్థాపించినవారిలోను ఆయన ఒకడు. 1862లో ఆయన వ్రాసిన పుస్తకం ఫలితంగా రెడ్‌క్రాస్ పుట్టింది. 1864 ఆగస్టు 22న పన్నెండు దేశాలు జెనీవా ఒడంబడికపై సంతకాలు చేశాయి. స్విట్జర్లాండు జెండా రంగులను తలక్రిందులు చేస్తే ఎర్ర సిలువ గుర్తు వస్తుంది.

ఇది మతచిహ్నం కాదు, వైద్యుని బొమ్మ కూడ కాదు. ‘మేము పోరాడము, మీ గాయాలనూ కట్టుదుము, మమ్మును కాల్చవద్దు’ అని చెప్పే గుర్తు. చేతి పట్టీని ఎడమచేతికి కట్టాలని, దానిపై సైన్యాధికారుల ముద్ర ఉండాలని ఒడంబడికలోనే ఉన్నది. అందుకే తెలిసినవారు పాత చేతి పట్టీ కొనేముందు ఆ ముద్ర కోసం వెదకుతారు. ముద్ర లేని పట్టీలు సినిమాల కోసం కుట్టినవో, మోసానికి కుట్టినవో అయివుండవచ్చు.

మన ఊళ్ళలో మందుల దుకాణాల మీద, క్లినిక్కుల మీద, డాక్టర్ల కార్ల మీద ఈ ఎర్ర సిలువను ఇష్టంవచ్చినట్లు వ్రాస్తున్నారు. 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండ దీనిని వాడటం నేరం. ఇది చిన్న విషయం కాదు. అందరూ వాడితే గుర్తుకు విలువ పోతుంది. విలువ పోయిన గుర్తు యుద్ధభూమిలో స్ట్రెచర్ మోసేవానిని కాపాడదు.

నెత్తుటి మరకల బల్లలు

ఆ గుర్తు ఎలా కాపాడిందో తెలిపే చోటు ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు ఒక పల్లెలో ఉన్నది. ఆ పల్లె పేరు ఆంగోవిల్ ఒ ప్లెన్. అక్కడి పాత రాతి గుడికి పూర్వపు వైద్య సోదరులైన కోస్మా, దమియానుల పేరు పెట్టారు. 1944 జూన్ 6న అమెరికా పారాచూట్ దళాలు ఆ ప్రాంతంలో దిగినప్పుడు, రాబర్ట్ రైట్, కెన్నెత్ మూర్ అనే ఇద్దరు యౌవన వైద్య సిపాయీలు ఆ గుడిలో క్షతగాత్రులను చేర్చారు. వారు డాక్టర్లు కారు. ఆయుధాలు గుడి బయట విడిచి రావాలని నియమం పెట్టారు. పల్లె ఒకసారి అమెరికా వారి చేతిలో, ఒకసారి జర్మనీ వారి చేతిలో పడుతూ ఉన్నది. జర్మను అధికారి లోపలికి వచ్చి, తన సైన్యపువారికి కూడ కట్లు కట్టి ఉండటం చూసి, వారిని ఏమీ అనక వెళ్ళిపోయాడు. ఒక గుండు కప్పును చీల్చుకొని వచ్చి నేలమీద పడినది గాని పేలలేదు. నేలరాయి పగులు నేటికీ ఉన్నది. ఆ కొద్ది దినాలలో ఎనభైమంది సిపాయీలకు, ఒక పసిబిడ్డకు అక్కడ సపర్యలు జరిగినవి.

గాయపడినవారిని ఆరాధన బల్లల మీద పడుకోబెట్టారు. చెక్కలోనికి ఇంకిన నెత్తురు మరకలు ఇప్పటికీ ఆ బల్లల మీద ఉన్నాయి. ఊరివారు వాటిని చిత్రిక పట్టలేదు, రంగు వేయలేదు, అమ్మలేదు. వాటిమీదనే కూర్చున్నారు. రైట్ 2013లో మరణించగా, ఆయన చితాభస్మాన్ని ఆ గుడి ఆవరణలోనే ఉంచారు. ఏ మ్యూజియంలోని బీరువాకన్న ఈ బల్లలు ఎక్కువ చెబుతున్నవి. దారిలో పడి ఉన్నవాని గాయాలకు నూనె పోసి కట్టిన సమరయుని కథను మనం ఎన్నో ప్రసంగాలలో విన్నాము. ఆ కట్టు గుడ్డ ఏమైనదో మనకు తెలియదు. ఇక్కడ మాత్రం బల్ల మిగిలింది.

మన దేశపువారి స్ట్రెచర్లు

ఈ చరిత్రలో మన దేశపువారికీ చోటున్నది. 1899లో దక్షిణాఫ్రికాలో యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోసే దళం కూర్చారు. వారిలో దాదాపు 800 మంది తోటలలో పనిచేసే ఒప్పంద కూలీలు. నేటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు నుండి ఓడలెక్కిన కూలీలలో తెలుగువారు అనేకులు. ఆ దళానికి తర్ఫీదు ఇచ్చినవాడు డర్బనులోని సెయింట్ ఎయిడాన్స్ మిషను ఆసుపత్రిని నడిపిన డాక్టర్ బూత్ అనే మిషనెరీ. 1900 జనవరిలో స్పయాన్ కోప్ యుద్ధం తరువాత వారు స్ట్రెచర్లు భుజాన వేసుకొని రోజుకు 20 నుండి 25 మైళ్ళు నడిచారు. ఈనాడు స్ట్రెచర్ చూసేవారికి గుడ్డ, కర్రలు కనిపిస్తాయి. మోసిన భుజాలు కనిపించవు.

1950లో కొరియా యుద్ధానికి మన దేశం తుపాకులు పట్టే సైన్యం పంపలేదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది. దాని అధికారి లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్. ఆ డిసెంబరులో చైనా సేనలు ముందుకు రాగా, ప్యాంగ్యాంగ్ నగరం విడిచి అందరూ వెనుకకు పోవలసి వచ్చింది. మోయడానికి బండ్లు లేవు, సామాను విడిచి రమ్మన్నారు. మనవారు విడువలేదు. పాత రైలింజను ఒకటి వెదకి పట్టుకొని, బకెట్లతో నీరు చేదందించి బాయిలరు నింపి, ఇంజను నడపడం తెలిసిన తమ సిపాయీలచేత నడిపించి, వంతెన పేల్చివేయక మునుపే నది దాటించారు. శస్త్రచికిత్స సామాను లేని వైద్యదళం ఎవరికి మేలు చేయగలదు? ఆ పెట్టెల విలువ వారికి తెలుసు.

దాచేవారికి జాగ్రత్తలు

మన జిల్లాలలో సైన్యంలో పనిచేసినవారున్న ఇళ్ళు ఎన్నో. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరే వచ్చింది. తాతగారి ట్రంకు పెట్టెలో అటువంటి సంచి ఏదైనా ఉంటే ఈ మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, తెలియని సీసా గాని, ఆంప్యూల్ గాని తెరవవద్దు. వెనుకటి కాలంలో కాలిన గాయాలకు పిక్రిక్ ఆమ్లం తడిపిన పసుపుపచ్చని గుడ్డలు వాడేవారు. అది ఎండితే రాపిడికే పేలగలదు. పాత ఈథర్ సీసాలోను పేలే పదార్థం చేరుతుంది. అటువంటిది కనిపిస్తే కదపక, పిల్లలను దూరంగా ఉంచి, పోలీసులకు తెలపండి. కొన్ని పాత కట్టుగుడ్డలకు పాదరసపు ఉప్పు పట్టించేవారు. వాటిని తాకితే చేతులు కడుక్కోవాలి. మందు ఉన్న మార్ఫిన్ గొట్టం ఇంటిలో ఉంచుకోవడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద నేరం.

రెండవది, పాత కట్టు ఎంత శుభ్రంగా కనిపించినా గాయానికి వాడవద్దు. దాని పని అయిపోయింది.

మూడవది, తోమవద్దు, రంగు వేయవద్దు, సంచిని ఉతకవద్దు. రేకు మీది ముద్రలే దాని జన్మపత్రిక. బ్రిటిషు ప్రభుత్వపు సామాను మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం ‘సి’ అక్షరం లోపల ఉంటే కెనడాది. పక్కన తరచు సంవత్సరం కూడ ఉంటుంది. తోమితే అవన్నీ పోతాయి. తేమ తగలనిచోట, ఎండ పడకుండ, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. రబ్బరు గొట్టాలు జిగురుగా మారి పక్కనున్నవాటికి అంటుకొంటాయి గనుక వేరుగా ఉంచాలి.

నాలుగవది అన్నిటికన్న ముఖ్యం. ఒక కాగితం మీద ఆ వస్తువు ఎవరిది, ఏ దళం, ఏ చోటు, ఏ సంవత్సరం, దానితో ఏమి చేశారు అనే సంగతులు వ్రాసి దానితోపాటు ఉంచండి. డిశ్చార్జి పుస్తకం ఉంటే దానిలోని తేదీలు సరిచూసుకోండి. వస్తువు మీద ఏమీ వ్రాయవద్దు. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. 1965, 1971 యుద్ధాలు చూసినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. వారిలో స్ట్రెచర్ మోసినవారు, ఆసుపత్రి గుడారాలలో పనిచేసిన కాంపౌండర్లు, నర్సులు ఉంటారు. పతకం వచ్చినవానిని ఊరు అడుగుతుంది. కట్టు కట్టినవానిని ఎవరూ అడగరు.

ఈ నెలలో ఒక సాయంకాలం మీ పిల్లలను అటువంటి పెద్దాయన దగ్గరకు తీసుకొని వెళ్ళండి. నోటుపుస్తకం, పెన్సిలు చేత పట్టుకొని కూర్చోమనండి. “తాతగారూ, మీరు మొట్టమొదట కట్టు కట్టినది ఎవరికి?” అని అడగమనండి. ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయమనండి. పాత సంచి పాడుబడినా, ఆ పుస్తకం ఇంటిలో మిగులుతుంది.